రాజుని చంపి, రాజు లేకుండానే బతికిన రాజ్యం

నైజీరియాలో వార్రి నగరం నుంచి ఈశాన్యంగా వెళ్తే ఒరెరోక్పే అనే ఊరు వస్తుంది. ఉర్హోబో ప్రజల రాజ్యాల్లో ఒకటైన ఒక్పేకి అది రాజధాని. అక్కడి రాజుని ఒరోజే అంటారు. మొట్టమొదటి ఒరోజే పేరు ఎసేజి. ఆయన సొంత జనం చేతిలోనే చచ్చాడు. ఆయన పెట్టే బాధలు భరించలేక ఊరివాళ్ళు గొయ్యి తవ్వి, పైన చాప పరిచి, ఆసనం వేసి మర్యాదగా కూర్చోమన్నారని, ఆయన గోతిలో పడగానే సలసలా కాగే నీళ్ళు పోశారని తరతరాలుగా చెప్పుకుంటారు. ఇది 18వ శతాబ్దంలో జరిగి ఉంటుందని ఒక లెక్క. ఆ తర్వాత ఒరోజే గద్దె మీద ఇంకొకరు కూర్చున్నది 1945లో.

మధ్యలో ఒకటిన్నర శతాబ్దానికి పైగా రాజు లేడు. ఆ జనం మాత్రం ఉన్నారు. పొలాలు దున్నుకున్నారు, పామ్ గెలలు కోసి నూనె తీశారు, పెళ్ళిళ్ళు చేశారు, తగాదాలు తీర్చుకున్నారు. తమని తాము ఒక్పేలమనే చెప్పుకున్నారు. రాజు లేకపోతే రాజ్యం లేదనే లెక్క వాళ్ళకి లేదు. ఈ సంగతి చదివిన దగ్గర్నుంచి నాకు ఒక్పే మీద ఆసక్తి పెరిగింది. దాని గురించి దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను. చదివేకొద్దీ ఒక చిరాకు కూడా పెరిగింది. రాజ్యం చరిత్ర చెప్పేవాళ్ళలో చాలామంది ఎసేజిని చంపడం గురించి రెండు పేరాలు రాసి, "ఆ తర్వాత చీకటి రోజులు" అని ఒక్క వాక్యంలో దాటేసి, నేరుగా 1945కి దూకుతారు. చచ్చేముందు రాజు శాపం పెట్టాడట, అందుకే జనం చెల్లాచెదురైపోయారట. శాపమో కాదో గానీ, ఆ దూకిన కాలంలోనే అసలు విషయమంతా ఉందని నాకు అనిపిస్తుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? శాతవాహనులు, ఇక్ష్వాకులు, విష్ణుకుండినులు, చాళుక్యులు, కాకతీయులు అంటూ వంశాల జాబితా బట్టీ పట్టినవాళ్ళమే. ఒక వంశం పోయి ఇంకొకటి వచ్చే మధ్యలో ఊళ్ళు ఎలా నడిచాయని పరీక్షలో ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు.

ముందు కొంచెం నేపథ్యం. ఉర్హోబోలు నైజర్ డెల్టాలో పడమటి వైపు, ఇప్పటి డెల్టా రాష్ట్రంలో ఉంటారు. వాళ్ళందరికీ కలిపి ఒక మహారాజు ఎప్పుడూ లేడు. ఇరవైకి పైగా రాజ్యాలు, దేని రాజు దానికే. చాలాచోట్ల రాజుని ఓవియే అంటారు. ఒలోముకి వచ్చేసరికి ఓవొరోదే, అగ్బర్హోలో ఓసుయివియే, ఉగియెవ్వెన్‌లో ఒకోబరో, ఒక్పేలో ఒరోజే. చాలా రాజ్యాలు తమ మూలం బెనిన్ అని చెప్పుకుంటాయి. ఇక్కడ బెనిన్ అంటే పక్కనున్న బెనిన్ దేశం కాదు, నైజీరియాలోనే ఉన్న ఎడో ప్రజల పాత సామ్రాజ్యం. ఒక్పేల కథలోనూ బెనిన్ ఉంది. ఒక్పేలలో కొంతమంది తాము అసలు ఉర్హోబోలమే కాదని, తమ భాష వేరని, తమది వేరే జాతి అని వాదిస్తారు. భాష వేరన్న మాట నిజమే. జాతి వేరా కాదా అన్నది వాళ్ళు తేల్చుకోవాల్సిన పంచాయితీ, నేను తలదూర్చను.

ఒక్పే పరంపరలో మూలపురుషుడు ఇగ్బోజే. ఆయనకి నలుగురు కొడుకులు: ఒర్హూయే, ఒర్హోరో, ఎవ్‌బ్రెకే, ఎసేజి. ఈ నలుగురి సంతతే నాలుగు రాజవంశాలు. మొత్తం రాజ్యం ఈ నాలుగు కొమ్మల కింద సర్దుకుంది. ఒరెరోక్పే నలుగురూ కలిసి కట్టుకున్న ఊరు. నలుగురిలో ఒకరి ఇంటివాడు రాజై, మిగతా ముగ్గురి ఇళ్ళవాళ్ళనీ తొక్కడం మొదలుపెడితే వచ్చిన పరిణామమే ఆ గొయ్యి. ఇది ఏదో ఆవేశంలో జరిగిన హత్యలాగా నాకు కనబడదు. చాప, ఆసనం, మర్యాద, కాగే నీళ్ళు... వీటన్నిటికీ ముందుగా కూర్చుని మాట్లాడుకోవాలి, పని పంచుకోవాలి, గుట్టు బయటికి పొక్కకుండా చూసుకోవాలి. అంతమంది కలిసి చేసిన పనంటే అది ఒక తీర్పు. కథలో ఎంత నిజమో ఎంత కల్పనో పక్కన పెట్టినా, తమ మొదటి రాజు గురించి ఇలాంటి కథని దాచిపెట్టకుండా పిల్లలకి చెప్పుకుంటూ వచ్చారంటే, రాజు ఎంతవరకు పోవచ్చో పిల్లలకి తెలియాలనే కదా.

ఎసేజి పోయాక జనం ఒరెరోక్పే వదిలి చుట్టుపక్కల అడవుల్లోకి, పొలాల్లోకి సర్దుకున్నారు. ఊరికో పెద్ద. వయసులో అందరికంటే పెద్దవాడే ఊరి పెద్ద. మగవాళ్ళంతా వయసు బట్టి శ్రేణులుగా ఉంటారు. చిన్నవాళ్ళు దారులు బాగుచేస్తారు, నడివయసు వాళ్ళు కాపలా కాస్తారు, అవసరమైతే యుద్ధానికి వెళ్తారు, పెద్దవాళ్ళు కూర్చుని నిర్ణయాలు చేస్తారు. సభలో పెద్దల మాటని జనానికి చెప్పడానికి ఒటోటా అనే వక్త ఉంటాడు. వయసుతో పాటు పదవి వస్తుంది, చావుతో పోతుంది. ఎవడూ తన కొడుక్కి రాసిచ్చేది ఏమీ లేదు. ఉర్హోబో రాజ్యాలన్నిటికీ పునాది ఇదే. రాజు ఉన్నచోట కూడా ఈ పునాది మీదే కూర్చున్నాడు. కాబట్టి ఒక్పేలో రాజు పోయినప్పుడు పైకప్పు పోయింది గానీ గోడలు పోలేదు.

ఇక్కడి వరకు రాసి ఆపేస్తే, రాజు లేని స్వర్గం అని ఒక అందమైన వ్యాసం అయిపోయేది. కానీ రాజు లేకపోవడానికి ఒక్పేలు పెద్ద ధరే చెల్లించారు. అది చెప్పకపోతే నా వాదన సగం అబద్ధం.

19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్ళు డెల్టా నదుల్లోకి వచ్చినప్పుడు వాళ్ళకి కావలసింది సంతకం పెట్టే మనిషి. భూమి లీజుకి ఇవ్వాలన్నా, కోర్టు పెట్టాలన్నా, కూలీల్ని పంపాలన్నా ఒక పేరు కావాలి. ఒక్పేలో పేరు లేదు, పెద్దల గుంపులున్నాయి. నదీ ముఖాల దగ్గర వ్యాపారం చేసే పక్క జాతి ఇట్సెకిరిలలో మాత్రం బ్రిటిష్ వాళ్ళకి తెలిసిన పెద్ద మనుషులున్నారు. వాళ్ళలో నానా ఒలోము అనే వ్యాపారి తమ దారికి అడ్డొచ్చాడని 1894లో ఆయన ఊరు ఎబ్రోహిమిని ధ్వంసం చేసి ఆయన్ని దేశం దాటించారు. ఆ గొడవలో బ్రిటిష్ పక్షం వహించిన డోగో అనే ఇట్సెకిరి పెద్దమనిషి దశ తిరిగింది. ఇంగ్లీషు కాగితాల్లో ఆయన పేరు డోరే నుమా. బ్రిటిష్ వాళ్ళకి ఏజెంటు అయ్యాడు, కోర్టుల మీద అధికారం వచ్చింది, 1917 నాటికి ఆ ప్రాంతానికంతా సర్వాధికారి చీఫ్ హోదా కట్టబెట్టారు. ఉర్హోబోల మీద కూడా.

ఒక్పే ప్రాంతంలోనే నది ఒడ్డున సపేలే రేవు పట్నంగా పెరుగుతోంది. 1908లో సపేలే భూమిని ప్రభుత్వానికి లీజుకిస్తూ సంతకం పెట్టింది డోగో. ఒక్పేల భూమి, ఇట్సెకిరి చీఫ్ సంతకం, అద్దె డబ్బు మూడోవాళ్ళకి. ఒక్పేలో ఒరోజే ఉండి ఉంటే ఇది జరిగేదా? ఇంకో రకంగా జరిగేదేమో. ఒరోజేతోనే సంతకం పెట్టించుకునేవాళ్ళేమో. ఆఫ్రికాలో రాజులున్న చోట్ల జరిగింది అదే కదా. కానీ మన ఇంటి దొంగతనం మన ఇంట్లోనే తేల్చుకోవచ్చు, పక్కింటివాడు మన ఇల్లు అద్దెకిచ్చేస్తే ఏ తలుపు కొట్టాలి?

కోర్టు తలుపే కొట్టారు. అయోమనోర్ అనే సపేలే ఒక్పే నాయకుడి పేరుమీద నడిచిన కేసులో, సపేలే భూమి ఒక్పేలదే అని తీర్పు వచ్చింది. ఇట్సెకిరిల పక్షాన నిలబడింది వాళ్ళ రాజు రెండో గినువా. 1943లో పశ్చిమ ఆఫ్రికా అప్పీలు కోర్టు కూడా ఒక్పేల వైపే తేల్చింది. ఈ కేసు నడిపింది రాజు కాదు. గద్దె అప్పటికి ఇంకా ఖాళీ. దాన్ని నడిపింది మామూలు జనం, వాళ్ళ పెద్దలు, లాగోస్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న వాళ్ళ పిల్లలు. ఒక్పే యూనియన్ పుట్టింది 1930లో, లాగోస్‌లోనే. మరుసటి ఏడాదే వార్రిలో ఉర్హోబోలందరి సంఘం మొదలైంది, ముకోరో మొవోయే లాంటి వ్యాపారి దాన్ని పెద్ద శక్తిగా మలిచాడు. అంతకు ముందు 1927లో తలపన్ను వేస్తారని తెలిసి వార్రి ప్రాంతమంతా భగ్గుమన్నప్పుడు ఉర్హోబోల్ని కూడగట్టిన ఓషూయే కూడా రాజు కాదు. రాజు లేని జనానికి సంఘం పెట్టుకోవడం కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇప్పుడు మూడు సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూడండి. బ్రిటిష్ వాళ్ళు 1897లో బెనిన్ నగరాన్ని తగలబెట్టి అక్కడి రాజు ఓబాని కాలబార్‌కి పంపేశారు, 1914లో ఆయన కొడుకుని మళ్ళీ గద్దె ఎక్కించారు. ఇట్సెకిరిల రాజు 1848లో పోయాక వాళ్ళ గద్దె కూడా ఖాళీ, 1936లో రెండో గినువాతో నిండింది. ఒక్పే గద్దె 1945లో నిండింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మూడు రాజ్యాల్లో రాజులు లేచి కూర్చున్నారు. పాత సంప్రదాయం ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చిందంటే నేను నమ్మను. స్థానిక రాజుల ద్వారా పాలించాలన్నది బ్రిటిష్ వాళ్ళ పద్ధతి. రాజు ఉన్న జాతికి ఆఫీసుల్లో కుర్చీ, లేని జాతికి గుమ్మం బయట నిలబాటు. పక్కవాడికి రాజు ఉండి, ఆ రాజే కోర్టులో మన మీద నిలబడితే మనకీ రాజు కావాలనిపించడంలో వింత లేదు. భూమి కేసు గెలిచిన రెండేళ్ళకే ఒక్పేకి ఒరోజే వచ్చాడు. కాకతాళీయం అని ఎవరైనా అంటే అననివ్వండి. నా మటుకు నాకు, గెలిచిన భూమికి ఒక యజమాని పేరు కావాల్సి వచ్చింది అనిపిస్తుంది. మన కోస్తా జిల్లాల్లో 1802 తర్వాత శిస్తు వసూలు కోసం జమీందార్లని ఖాయం చేసిన ప్రభుత్వమే కదా అదీ. అక్కడ శిస్తుకి, ఇక్కడ సంతకానికి.

దీన్నిబట్టి "ఒరోజే గద్దె వలసపాలకుల సృష్టి" అని కొట్టిపారేసే వాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. గద్దెని తిరిగి అడిగింది ఒక్పే యూనియన్ వాళ్ళు, బ్రిటిష్ అధికారి కాదు. పైగా వాళ్ళు అడిగిన తీరు చూడాలి. కొత్త రాజు పెట్టుకున్న పేరు రెండో ఎసేజి. తాతముత్తాతలు కాగే నీళ్ళు పోసి చంపిన రాజు పేరే! నాలుగు ఇళ్ళలో ఎసేజి ఇంటివాడికే మళ్ళీ మొదటి అవకాశం ఇచ్చారు. శాపం తీర్చుకోవడానికి చేశారనుకోవచ్చు, పాత పగ ముగిసిందని చెప్పడానికి అనుకోవచ్చు. ఆ తర్వాత అదే ఇంట్లో ఉండనివ్వలేదు. రెండో ఎసేజి 1966లో పోయాడు. 1972లో ఒర్హోరో ఇంటినుంచి మొదటి ఒర్హోరో వచ్చాడు. ఆయన 2004లో పోయాక, 2006లో ఒర్హూయే ఇంటినుంచి మొదటి ఒర్హూయే. కొడుక్కి గద్దె రాదు, ఇంకో ఇంటికి వెళ్తుంది. రాజు పేరు వినగానే ఏ ఇంటివాడో తెలిసిపోతుంది. ఉదోగున్ అనే మండలి ఆయనతో కూర్చుంటుంది. పాత గొయ్యి చేసిన పనిని ఇప్పుడు ఈ వంతు పద్ధతి చేస్తోంది. వరసగా రెండు తరాలు ఒకే ఇల్లు బలపడే వీలు లేకుండా చేస్తోంది.

వంతుల వల్ల గొడవలు రావా? వస్తాయి. రాజు పోయిన ప్రతిసారీ ఎవరి వంతు, ఆ ఇంట్లో ఎవరు అన్న పేచీలుంటాయి, గద్దె ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటుంది. 1966 నుంచి 1972 దాకా అలాగే ఉంది. దీన్ని లోపంగా రాస్తారు. నూటయాభై ఏళ్ళు గద్దె ఖాళీగా పెట్టి బతికినవాళ్ళకి ఆరేళ్ళు ఎంత! తొందరపడి ఒకణ్ణి కూర్చోబెట్టడం కంటే ఖాళీగా ఉంచి పోట్లాడుకోవడమే మేలు అని నేనంటాను.

నా అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. రాజుని పైనుంచి ఎవరు పట్టుకున్నారు అన్నదే అది. 1950ల నుంచి ప్రభుత్వం చీఫ్‌ల చట్టాలు చేసి, వారసత్వం ఎలా నడవాలో కాగితం మీద రాయించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత రాష్ట్రాలు మారాయి. మిడ్‌వెస్ట్ అయింది, బెండెల్ అయింది, 1991లో డెల్టా అయింది. కాగితం పద్ధతి మాత్రం గట్టిపడింది. ఇళ్ళవాళ్ళు ఎన్నుకున్నా, గవర్నరు చేతులమీదుగా అధికార దండం అందుకుంటేనే రాజు పూర్తి రాజు. 1978లో వచ్చిన భూమి చట్టంతో రాష్ట్రంలో భూమి మీద అధికారం గవర్నరుకి పోయింది. నేల కింది చమురు ఎప్పుడూ కేంద్రానిదే. ఏ భూమి కోసం 1945లో రాజుని తెచ్చుకున్నారో ఆ భూమి మీద రాజుకి మిగిలింది మాట గౌరవం. సపేలే భూమి విషయంలోనూ, అది సపేలేలో ఉండే ఒక్పేలదా, మొత్తం రాజ్యం పేర ఒరోజే చేతిలో ఉండాలా అని లోపలి తగాదా నడిచింది. గెలిచిన ఆస్తి చుట్టూ అన్నదమ్ముల పేచీ రావడం మనకి కొత్తా ఏమిటి.

ఇక రాజుకి మిగిలినవి: తగాదాలు తీర్చడం, బిరుదులివ్వడం, ఎన్నికల ముందు వచ్చే నాయకుల్ని దీవించడం. బిరుదుల సంగతైతే చెప్పనక్కర్లేదు. పెద్దరికం వయసుతో వచ్చే చోట ఇప్పుడు డబ్బుతో కూడా వస్తోంది. ఇప్పటి ఒరోజే, మొదటి ఒర్హూయే, రిటైరైన మేజర్ జనరల్ ఫెలిక్స్ ముజాక్‌పెరువో. 1999లో పశ్చిమ ఆఫ్రికా శాంతి సేనకి కమాండరుగా పనిచేసిన మనిషి. నియంతని చంపిన జనం ఒక సైన్యాధికారిని రాజుగా ఎన్నుకున్నారేమిటని మొదట ఆశ్చర్యం వేసింది. కానీ ఆలోచిస్తే అందులో లెక్క ఉంది. భూమి, పన్ను, కోర్టు ఏదీ రాజు చేతిలో లేనప్పుడు, దేశ రాజధాని అబుజాకి ఫోనెత్తి మాట్లాడగల మనిషి రాజైతే ఊరికి లాభం. అది ఆయన తప్పు కాదు. రాజు పని జనం మాట పైకి మోయడంగా మారిపోయింది, దానికి పైవాళ్ళు ఎరిగిన మనిషి కావాలి.

ఇలాంటి రాజరికం ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడాలంటే పక్క రాజ్యాల వైపు చూడాలి. 1984లో ఓఘారా ప్రాంతంలోని ఓఘారెఫేలో వేలమంది ఆడవాళ్ళు పాన్ ఓషన్ చమురు కంపెనీ స్థలాన్ని చుట్టుముట్టారు. భూమికి నష్టపరిహారం, నీళ్ళు, కరెంటు అడిగారు. చివరికి బట్టలు విప్పి నిలబడ్డారు. తల్లి వయసు ఆడది అలా నిలబడటం అక్కడ మగవాడికి తగిలే ఘోరమైన శాపం. కంపెనీ దిగొచ్చింది. 1986లో ఉవ్వియే రాజ్యంలోని ఎక్పాన్ ఆడవాళ్ళు ప్రభుత్వ చమురు సంస్థ గేట్ల దగ్గర నిరసనకి దిగారు. ఈ రెండూ రాజరికం ఉన్న రాజ్యాలే. అయినా పని ఆడవాళ్ళ గుంపులే చేయాల్సి వచ్చింది. వయసు శ్రేణుల్లో, పెద్దల సభల్లో ఆడవాళ్ళకి వేరే సంఘాలున్నాయి, ఒరోజే గద్దె మాత్రం వాళ్ళకి లేదు. 1998 అక్టోబరులో ఇడ్జెర్హే రాజ్యంలోని జెస్సీ దగ్గర పెట్రోలు పైపులైను పేలి వెయ్యిమందికి పైగా కాలిపోయారు. ఆ పైపు ఏ రాజు చేతిలోనిదీ కాదు.

మన దేశం 1971లో రాజభరణాలు రద్దు చేసి రాజుల కథ ముగించింది, వాళ్ళు ఎన్నికల్లో నిలబడి మళ్ళీ వచ్చారనుకోండి. నైజీరియా ఆ దారి పట్టలేదు. రాజ్యాంగంలో పాలనాధికారం ఇవ్వకుండా, రాష్ట్ర చట్టాల్లో గుర్తింపు ఇచ్చి ఉంచింది. ఉంచడం తప్పనను. ఊరి తగాదా కోర్టులో పదేళ్ళు పట్టేచోట రాజు సభలో వారంలో తేలితే జనం అక్కడికే వెళ్తారు. కానీ గుర్తింపు ఇచ్చే చేతికే తీసేసే హక్కు కూడా ఉంది. ఒక్పే నేపథ్యంలో నన్ను తొలిచేది ఇదే. బెండెల్ కాలం నాటి 1979 చీఫ్‌ల చట్టంలో రాజుని సస్పెండ్ చేసే, తొలగించే అధికారం గవర్నరుదే. ఈ అధికారం ఎలా నడుస్తుందో ఉత్తరాన కానోలో అందరూ చూశారు. 2020లో ఒక గవర్నరు అక్కడి రాజుని, అంటే ఎమీర్ రెండో ముహమ్మదు సనూసీని దించేశాడు. 2024లో ఇంకో గవర్నరు అదే ఎమీర్‌ని తిరిగి కూర్చోబెట్టాడు. రెండుసార్లూ కానో జనాన్ని అడిగినవాడు లేడు.

ఒక్పే ఇళ్ళు ఈసారి చట్టసభని అడగాల్సింది కొత్త బిరుదులో, కొత్త రాజభవనమో కాదు. రాజుని దించే అధికారం గవర్నరు దగ్గర్నుంచి తీసి నాలుగు ఇళ్ళకీ, ఉదోగున్‌కీ, పెద్దల సభలకీ రాసివ్వమని అడగాలి. ఆడవాళ్ళ సంఘాలకి కూడా అందులో ఓటు ఉండాలి. దించడానికి ఎంతమంది ఒప్పుకోవాలి, రాజు మాట ఎవరు వినాలి, గద్దె ఖాళీగా ఉన్నన్నాళ్ళు రాజ్యం పేరుమీద సంతకం ఎవరు పెట్టాలి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. చివరిది మరీ ముఖ్యం. 1908లో డోగో సంతకం చెల్లింది ఆ జాగా ఖాళీగా ఉండబట్టే.